ఆకుపచ్చ శాలువా

ఆవు మళ్ళీ తన్నింది. బకెట్ గోడకి కొట్టుకుని దొర్లింది. ఒలకడానికి అందులో చుక్క పాలు లేవు.

"పాలిచ్చే ఆవు తన్నినా పడొచ్చు. ఇది తన్నడం ఒక్కటే చేస్తోంది," అన్నాడు మామయ్య గుమ్మంలోంచి. సాయంత్రం బేరగాడు వస్తాడనీ, ఈలోగా పాలిచ్చిందా సరేసరి, లేదంటే అతని వెంట తోలేస్తాననీ చెప్పి దాణా కలపడానికి వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ పోయిన దగ్గర్నుంచీ మొండిది ఎవరి చేతికీ పాలు చేపడం లేదు. పొదుగు రాయిలా గట్టిపడింది. ఇంటిల్లిపాదీ చేతులెత్తేశారు. అమ్మమ్మ తన చేత్తో పెంచిన ఆవుల్లో మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా పోగొట్టుకోలేక మనవరాలు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చి పొదుగు ముందు కూర్చుంది. తీరా చూస్తే ఆమెకి పితకడం సరిగ్గా రాదు. పాడి ఇంట్లో పెరిగిన పిల్లకి పితకడం రాదంటే ఎవరైనా నవ్వుతారు. అమ్మమ్మే నేర్పలేదు మరి.

తల్లి పోయేనాటికి ఆమెకి రెండేళ్ళు. అప్పట్నుంచీ అమ్మమ్మే కంటికి రెప్పలా పెంచింది. పితకడం తప్ప పశువుల పనంతా దగ్గరుండి చూపించింది. ఏ దూడైనా చచ్చిపోతే దాని తోలు తీసి, తల్లి లేని ఇంకో దూడకి కప్పి, ఆవు దగ్గర వదిలేది. వాసన చూసి ఆవు తన బిడ్డే అనుకుని పాలిచ్చేది. అది మోసం కదా అని మనవరాలు నిలదీస్తే, "ముందు కడుపు నిండనీవే. మోసం సంగతి తర్వాత చూసుకుందాం," అని నవ్వేది.

ఆరేళ్ళప్పుడు, పాలు పితకడం నేర్పమని మారాం చేసింది. తెల్లారి లేస్తే నేర్పుతానంది అమ్మమ్మ. ఆ సాయంత్రం కబుర్ల మధ్య పిల్ల తనకి అమ్మ గుర్తుందని చెప్పింది. మొహం కాదు. మొహం మీదికి లాక్కున్న ఆకుపచ్చ శాలువా, నోటికందించిన ముద్ద, సన్నగా ఒక కూనిరాగం. అంతే.

"మర్చిపోకు," అని మాత్రం అంది అమ్మమ్మ.

తెల్లారి వెళ్తే కొట్టం తలుపు గడియ పెట్టి ఉంది. పిల్ల వస్తే ఆవులు బెదురుతాయట. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా పాలు పితికే వేళ ఆమెని ఆ చాయలకి రానివ్వలేదు.

పెంచినదాన్ని ఎదురుగా పెట్టుకుని ఇంకొకరి ఒడిని తలుచుకున్నందుకు నొచ్చుకుందని పిల్ల అనుకుంది. పెద్దయ్యాకా అదే అనుకుంది. అడగబోయిన ప్రతిసారీ నోరు రాలేదు. ఇప్పుడు నోరున్నా అడగడానికి మనిషి లేదు.

మొండిది మళ్ళీ కాలెత్తింది. ఇక ఓపిక లేక మనవరాలు దాని డొక్కకి నుదురు ఆనించింది. ఏడుపొచ్చింది. దిగులు ముంచుకొచ్చినప్పుడల్లా పెదాల మీదికి వచ్చే ఆ కూనిరాగం ఇప్పుడూ దానంతటదే వచ్చింది.

మొండిది చెవులు రిక్కించింది. ఎత్తిన కాలు దించింది. చేతి కింద పొదుగు మెల్లగా మెత్తబడింది. పాలధార చుయ్యిమంటూ బకెట్లో పడింది.

మామయ్య పరుగున వచ్చాడు. బకెట్ వంక అయినా చూడలేదు.

"ఆ రాగం నీకెలా తెలుసు? ఆవుల దగ్గర తప్ప మా అమ్మ ఎక్కడా తీసేది కాదే."

"అది మా అమ్మది మామయ్యా. ఆకుపచ్చ శాలువా కప్పుకుని, నాకు ముద్దలు పెడుతూ పాడేది."

మామయ్య ఆవు వీపు నిమిరాడు. తల్లి పోయిన కొత్తలో రెండేళ్ళ మనవరాలు ఎవరి చేతి ముద్దా ముట్టలేదనీ, ఆ పిల్ల కూడా దక్కదేమోనని ఇంట్లో అందరూ హడలిపోయారనీ నెమ్మదిగా చెప్పాడు.

"శాలువా మా అక్కదేనే తల్లీ, కప్పుకున్నది మాత్రం మా అమ్మ."