నంబర్లు కలవని రైఫిల్

"ముట్టుకోకండి."

ఎస్కో గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ బల్ల దగ్గరి నుంచి కదల్లేదు.

లహ్తి పట్టణంలో పాత ఆయుధాల ప్రదర్శన. హాలు నిండా యుద్ధకాలపు రైఫిళ్లు. ఎస్కో తెచ్చింది ఒక్కటే. అది వాళ్ల నాన్నది.

నాన్న 1944 వేసవిలో కరేలియా యుద్ధరంగంలో చనిపోయాడు. అప్పటికి ఎస్కోకు రెండేళ్లు. ఇంటికి తిరిగొచ్చింది ఆయన సైనిక పుస్తకం ఒక్కటే. అందులో రైఫిల్ నంబరుంది. ఆ నంబరు పట్టుకుని పదకొండేళ్లు వెతికితే కిందటేడు దొరికింది.

పొద్దున్నుంచీ చూసినవాళ్లందరూ పెదవి విరుస్తున్నారు.

"గొట్టం మీది నంబరు నిజమే," అన్నాడు పక్క బల్ల ఆర్వో. పాత తుపాకుల వ్యాపారి. "బోల్టు చూడు. పాత నంబరు కొట్టేసి కొత్తది గుద్దారు. భుజానికి ఆనే మడమకేమో వేరే చెక్క అతికించారు. ఇది మీ నాన్న రైఫిల్ కాదయ్యా. మీ నాన్న గొట్టం. మిగతాదంతా అతుకుల బొంత."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎస్కో కూడా నవ్వాల్సి వచ్చింది.

ఏడాదిగా రోజూ ఆ చెక్క మీద చెంప ఆనించి చూసుకునేవాడు. నాన్న చెంప తగిలింది దీనికి కాదన్నమాట.

"నా దగ్గరొకటుంది," అన్నాడు ఆర్వో. "అదే రెజిమెంటుది. ప్రతి భాగం మీదా ఒకటే నంబరు. కావాలంటే మార్చుకుందాం. నీ గొట్టం నాకు పనికొస్తుంది."

"ఇవ్వకు బాబూ," అంది ముసలావిడ.

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఆ చెక్క మారింది యుద్ధం నడుస్తున్నప్పుడే. బోల్టూ అంతే. విరిగినవి వెనక్కొచ్చేవి, బాగుపడి మళ్లీ వెళ్లేవి. మీ నాన్న చేతికి అందినప్పటికే ఇది ఇలా ఉంది." ఆర్వో బల్ల మీది రైఫిల్ వైపు చూపించింది. "దాని మీద అంకెలే తేడాగా ఉన్నాయి. అప్పుడు ఏడు అలా పడేది కాదు."

ఆర్వో మొహం మాడింది. "అవ్వా, కాఫీ అటువైపు. బన్ను కూడా ఇస్తారు, పో."

"కాగితమేమైనా ఉందా?" అడిగాడు ఎస్కో.

"కాగితం ఎక్కడిది బాబూ? నేను..."

"కాగితం లేకపోతే మరి మాట్లాడకండి. దయచేసి వెళ్లండి."

ఆవిడ తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయింది.

సాయంత్రానికి రైఫిళ్లు చేతులు మారాయి.

మార్చిలో ఎస్కో కొత్త రైఫిల్‌ని శుభ్రం చేయించడానికి తీసుకెళ్లాడు. తుపాకులు బాగుచేసేవాడు భూతద్దం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"పాత అంకెలు అరగదీసి వీటిని గుద్దారు. పదేళ్లు కూడా కాలేదు."

ఎస్కో ఆ మంచులోనే ఆర్వో ఇంటికి వెళ్లాడు.

"నేను కొన్నదే అలా కొన్నాను," అన్నాడు ఆర్వో.

"మా నాన్నది నాకిచ్చెయ్."

"ఎక్కడుంది ఇవ్వడానికి? విప్పి అమ్మేశా. గొట్టం స్వీడన్ వెళ్లింది. బోల్టు ఎవరికిచ్చానో గుర్తులేదు."

"చెక్క?"

"అతుకు చెక్క ఎవడికి కావాలి? సౌనాలో, ఆవిరిస్నానం పొయ్యిలో పెట్టా."

ఎస్కోకు ఇక ఒకటే ఆశ మిగిలింది. పోగొట్టుకున్నది నాన్నది కాదని ఎవరైనా చెప్పాలి. ఆ రైఫిల్‌కి తను తీసుకున్న ఫొటోలు పట్టుకుని సైనిక మ్యూజియానికి వెళ్లాడు.

అక్కడి అధికారి ఫొటోలను చాలాసేపు చూశాడు.

"ఆ మరమ్మతు తర్వాతెప్పుడో జరిగిందని చెప్పండి చాలు," అన్నాడు ఎస్కో.

"అలా చెప్పలేను. యుద్ధం నాటి పనిలాగే ఉంది. ఖాయంగా చెప్పగలిగే మనిషి ఒక్కరే ఉండేవారు. ఏ ప్రదర్శన జరిగినా బస్సెక్కి వెళ్లేవారు. ఫిబ్రవరిలో పోయారు."

సొరుగులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

లహ్తిలో తను పొమ్మన్న ముసలావిడ.

"ఎవరీవిడ?" అడిగాడు ఎస్కో.

"హెల్వి. యుద్ధం రోజుల్లో మీ నాన్న రెజిమెంటు రైఫిళ్లు విరిగి వెనక్కొస్తే చెక్కలు అతికించి, బోల్టులు మార్చి, సుత్తితో ఒక్కో అంకె గుద్ది పంపింది ఈవిడే."