మంగళవారం పాఠకుడు

"అమ్మాయ్, ఈ సైకిలు నువ్వు తొక్కి చూశావా?"

తలెత్తకుండానే గొంతు గుర్తుపట్టింది అలైదా. మంగళవారం, పదిన్నర. హుక్సెమా వచ్చేశాడు.

డెబ్బై దాటిన మనిషి. తడిసిన రెయిన్‌కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టిన పేపరు ఆమె బల్ల మీద పరిచాడు.

వేన్‌దామ్ పట్టణంలో వచ్చే ఆ చిన్న పేపరుకు సాంకేతిక వార్తలు రాసేది అలైదా ఒక్కతే.

"తొక్కలేదు సార్. ఏం?"

"కొత్త కరెంటు సైకిలు ఒక్క చార్జింగుతో రెండొందల కిలోమీటర్లు పోతుందని రాశావు. ఎదురుగాలి కొడితేనో?"

"అది గాలి లేనప్పటి లెక్క సార్."

"మన ఊళ్ళో గాలి లేని రోజేదో చెప్పు, ఆ రోజే కొంటా."

పక్క బల్ల దగ్గర తోటి విలేకరి రూలోఫ్ కిసుక్కున నవ్వాడు.

"కంపెనీవాళ్ళు పంపిన కాగితంలో అలాగే ఉంది సార్."

"అదే రాయమంటున్నా. 'అని కంపెనీ అంటోంది'. మూడు మాటలు. ఏం, అంత సిరా కరువా?"

రెండేళ్ళుగా ఇదే తంతు.

'ప్రపంచంలోనే మొదటిది' అని రాస్తే, ప్రపంచమంతా ఎవరు తిరిగొచ్చారనేవాడు. 'త్వరలో' అంటే తారీఖు అడిగేవాడు. 'పరిశోధకులు తేల్చారు' అంటే, ఎంతమంది మీద తేల్చారో రాయమనేవాడు. పన్నెండు మందే అయితే పన్నెండనే రాయి, సిగ్గెందుకు అనేవాడు.

రాజకీయాలు, ఆటలు ముట్టుకునేవాడు కాదు. ఆమె రాసినవే చదివేవాడు.

"కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం," అనేవాడు రూలోఫ్. "ఇంట్లో పెళ్ళాం భరించలేక ఇటు తోలేస్తుందేమో!"

అలైదా కూడా నవ్వేది. కాఫీ, ఒక బిస్కెట్టు ఇచ్చి పంపేసేది.

నవంబరులో ఒక మంగళవారం మాత్రం ఆమెకు ఒళ్ళు మండింది.

ముందురోజే పెద్ద వార్త పడింది. ఒక కొత్త పరికరం చేతికి వాచీలా కట్టుకుంటే చాలు, ఒంట్లో చక్కెర ఎంతుందో చెప్పేస్తుంది. సూది గుచ్చుకోనక్కర్లేదు. ఎడిటరు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు.

హుక్సెమా ఆ పేజీ నిండా ఎర్రగీతలు కొట్టుకొచ్చాడు.

"దీన్ని డాక్టర్లు ఒప్పుకున్నారా?"

"కంపెనీ..."

"కంపెనీ సంగతి కాదు. దీన్ని నమ్మి ఎవరైనా సూది మందు ఎక్కువ పొడుచుకుంటే?"

"సార్, పేపర్లో వార్త చూసి ఎవరూ చచ్చిపోరు!"

అలైదా ఆ పేపరును ఆయన వైపు తోసేసింది.

"మీకు తోచకపోతే వేరే వ్యాపకం చూసుకోండి. ఇక రాకండి."

ఆయన కుర్చీలోంచి లేచాడు. పేపరు నాలుగు మడతలు పెట్టాడు.

"చచ్చిపోతారమ్మా," అన్నాడు మెల్లగా.

కాఫీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాతి మంగళవారం అలైదా హాయిగా పని చేసుకుంది. ఆ పై వారం పదిన్నరకు ఒకసారి తలుపు వైపు చూసింది. నాలుగో వారం చూస్తూనే ఉంది.

అయిదో వారం ఆమె వార్తలో ముప్పై వేలు పడాల్సిన చోట మూడు లక్షలని పడింది.

ఊరంతా చదివింది. ఒక్కరూ అడగలేదు.

చందాదార్ల జాబితాలో చిరునామా వెతికి, ఒక కేకు కొనుక్కుని, సైకిలెక్కింది.

తలుపు తీసింది నలభై అయిదేళ్ళ ఆవిడ. వెనక హాల్లో సగం సర్దిన అట్టపెట్టెలు.

"హుక్సెమా గారు..."

"నాన్న పోయి ఇరవై రోజులైంది. గుండె ఆగింది. మీరు?"

"నా పేరు అలైదా. పేపర్లో..."

ఆవిడ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. చాలాసేపటికి పక్కకు జరిగింది.

"రండి. నేను యెట్టీని, ఆయన కూతుర్ని. చావు కబురు మీ పేపర్లోనే వేయించాం."

ఆ పేజీ అలైదా ఎప్పుడూ చూడదు. తల దించుకుంది.

"చివరిసారి ఆయన్ని గట్టిగా అన్నాను. అది చెప్పుకుందామనే వచ్చాను."

"తెలుసు. అయినా మీ పేజీ చదవడం మానలేదు. 'ఈ వారం రెండే తప్పులు!' అని చెప్పి మురిసిపోయేవాడు."

అలైదా కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆయన ఇంజనీరా?"

"బస్సు డ్రైవరు. ముప్పై నాలుగేళ్ళు నడిపాడు. ఈ చదువంతా అమ్మ పోయాక లైబ్రరీలో కూర్చుని చదివిందే."

"అమ్మగారు ఎలా..."

యెట్టీ పెట్టెలోంచి ఒక కప్పు తీసి, మళ్ళీ అందులోనే పెట్టింది.

"మూడేళ్ళయింది. స్నానాల గదిలో పాత గ్యాసు గీజరు. అందులోంచి వాసన లేని విషవాయువు వస్తుందే, అది. హాల్లో పొగ అలారం కొత్తదే ఉంది. మోగలేదు."

"ఎందుకని?"

"అది పొగకే మోగుతుందట. ఆ వాయువుకు వేరేది పెట్టించాలట. పెట్టించమని నేను పోరాను కూడా. 'ఎందుకే, ఇది రెంటికీ మోగుతుందని పేపర్లో పడిందిగా' అన్నాడు నాన్న."

అలైదా ఒళ్ళో కేకు పెట్టె అలాగే ఉంది. ఆ అలారం వార్త ఆమెకు గుర్తుంది. ఏ పేపరని ఆమె అడగలేదు.

యెట్టీ కిటికీ వైపు చూస్తూ అంది.

"వార్త కింద పేరుందిగా, వెళ్ళి నిలదియ్యమని ఎంతో చెప్పాను. 'చిన్నపిల్ల, తెలిస్తే మళ్ళీ కలం పట్టదే' అని, తను బతికున్నన్నాళ్ళూ మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."