ఏడున్నర యుద్ధం

అక్టోబరు ఇరవై రెండు, బుధవారం. లహరికి ఆ రోజు బాగా గుర్తు. మధ్యాహ్నం అత్తగారు వండిన కందబచ్చలి కూర ఒక్క ముద్ద తిని పక్కన పెట్టేసింది. సాయంత్రం ఏడున్నరకు, గుడ్లవల్లేరులోని ఆ ఇంట్లో, టీవీ దగ్గర పేచీ మొదలైంది.

“అది కట్టేయండి అత్తయ్యా,” అంది లహరి.

దుర్గాదేవి రిమోట్ ఒళ్ళోకి లాక్కుంది. అది సరిహద్దులో సిపాయిల సీరియల్. అందులో సిపాయిలు పాటలు పాడరు, పెద్దపెద్ద మాటలు చెప్పరు. భయపడతారు, బురదలో పడుకుంటారు, చచ్చిపోతారు. కొడుకు ఫణీంద్ర అలాంటి చోటే ఉన్నాడని, ఇది చూస్తే వాణ్ణి చూసినట్టే ఉంటుందని ఆమె వాదన. సర్వీసు పూర్తయినా కోరి మరీ సైన్యంలో ఉండిపోయాడని వీధంతా చెప్పుకుంది కూడా.

“ఆయన్ని చూసినట్టుంటుందనే కట్టేయమంటున్నా. ఫోను కలవక వారమైంది. మీకు భయం లేదా?”

“నా భయం నాది. కాస్త పక్కకి జరుగు, కనబడట్లేదు.”

లహరి జరిగింది కానీ, గదిలోకి వెళ్ళలేకపోయింది. తెర మీద బాంబు పడింది. పొగ తేలిపోయాక కందకంలో సిపాయిలు ఒకరి పక్కన ఒకరు పడి ఉన్నారు. ముఖాల నిండా మట్టీ నెత్తురూ. కెమెరా ఒక్కో శవం మీదుగా మెల్లగా జరుగుతోంది. ఏ తల్లులు కన్న బిడ్డలోనంటూ దుర్గాదేవి కొంగులో ముఖం దాచుకుంది.

లహరి మాత్రం ఉన్నట్టుండి టీవీ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రకటనలు మొదలైనా అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత లేచి ముఖం కడుక్కుని, కంచం పెట్టుకుని, ఆ కందబచ్చలి కూరే మారు వడ్డించుకుంది.

అత్తగారు తెల్లబోయింది. “మొగుడి కబురు తెలీకుండా ముద్దెలా దిగుతోందే నీకు?”

“ఆయన క్షేమంగా ఉన్నారత్తయ్యా. రండి, మీకూ వడ్డిస్తాను.”

ఆ గొంతులో ఏం వినబడిందో, దుర్గాదేవి కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

చేతులు కడుక్కుంటుండగా ఫోను మోగింది. ఫణీంద్రే. కొండల్లో ఉన్నామని, సిగ్నల్ లేదని, చలి చంపేస్తోందని, తను మాత్రం బాగానే ఉన్నానని తల్లితో చెప్పాడు. దుర్గాదేవి కాసేపు ఏడ్చి, నూరేళ్ళు బతకమని దీవించి, ఫోను కోడలికిచ్చి, తేలికపడ్డ మనసుతో నడుం వాల్చింది.

లహరి పడకగదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

“ఇంక ఆ కొండలు దిగి హైదరాబాదులో బస్సెక్కండి,” అంది నవ్వు ఆపుకుంటూ. “మిలిటరీ నుంచి ఎప్పుడొచ్చేశారని నేనడగను, అత్తయ్యకు నేనే నచ్చజెబుతాను. ఇంకోసారి ఆ సీరియల్లో చచ్చిపోయినప్పుడు మాత్రం, పక్క శవానికి కాలు తగిలిందని చెయ్యి కళ్ళకద్దుకోకండి.”