ఈరవ్వ గెట్టు

"నా పానం పోయినా ఈడ గడ్డపార పడనియ్య!" అంటూ మంత్రసాని ఈరవ్వ తన మడి గెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలి పటేలు గంగారాంకు తిక్క రేగింది. పై పొలాల్లో నీళ్లు నిలిచి నాట్లు కుళ్లిపోతున్నాయి. ఆ నీళ్లు వాగులో పడాలంటే ఈరవ్వ మడి గెట్టు వెంబడి కాలువ తీయాల్సిందే. ఎల్లారెడ్డి తహసీలు కచేరీ నుంచి హుకుం కూడా తెచ్చాడు.

"పట్టా నాది గాదా పటేలా?"

"పట్టా నీదే. నీళ్లు పొయ్యే తొవ్వ మీద హుకుం సర్కారుది. లే!"

"నేను వద్దంటలేను. మడి నడుమకెల్లి తియ్యుండ్రి. నాకు గింజ రాకున్నా మంచిదే."

ఇదెక్కడి తిరకాసు! పండే మడిని నడిమికి చీల్చమని ఎవరైనా అడుగుతారా?

"గెట్టు కింద ఏం దాసినవే?"

ఈరవ్వ, గడ్డపార పట్టుకుని నిలబడ్డ పోచన్నను చూపించింది. పొలాలకు నీళ్లు వదిలే నీరటి అతను. "మీరన్నా ఇంటికి పోండ్రి పటేలా. పటేలమ్మకు నెలలు నిండినయి. తవ్వుడు పోచన్న సూస్కుంటడు."

"నీ మంత్రసానితనం నా ఇంట్ల సూపియ్యి, సర్కారు పనిల గాదు!"

ఈరవ్వ అతని కాళ్ల మీద పడింది. చుట్టూ ఉన్న రైతులు తలలు దించుకున్నారు. తల్లి వయసు మనిషి అలా పడేసరికి పటేలుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికే ఇంకా గట్టిగా అరిచాడు.

"గుంజుండ్రి దీన్ని! పోచన్నా, ఎయ్యి దెబ్బ!"

ఇద్దరు ఆమెను రెక్కలు పట్టి పక్కకు లాగారు. నీరటి పోచన్న మనసొప్పకుండానే గడ్డపార ఎత్తాడు. మూరెడు లోతున ఖంగుమంది.

"ఆఁ! నేను చెప్పలే? ముసల్ది సొమ్ము దాసింది!" అంటూ పటేలు వంగి మట్టిలో చెయ్యి పెట్టాడు.

చేతికొచ్చింది ఇత్తడి ఉగ్గుగిన్నె. అంచు మీద తన తల్లి పేరు కొట్టి ఉంది. పోయినేడు, ప్రాణం పోయిన తన పసిగుడ్డును గుడ్డలో చుట్టి ఈరవ్వ చేతుల్లో పెట్టినప్పుడు, ఈ గిన్నె కూడా తనే ఇచ్చాడు. ఎక్కడ పూడ్చావని మాత్రం అడగలేదు.

పటేలు సిగ్గుతో చచ్చిపోయాడు. అంతమంది ముందు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుంతలోకి తల తిప్పబోయాడు.

ఈరవ్వ విదిలించుకుని వచ్చి, బురద చేతులతో అతని కళ్లు రెండూ మూసేసింది.

"సూడకు పటేలా! పూడ్సిన బిడ్డ తండ్రి కండ్ల పడితే, రేపు పుట్టేది గూడ దక్కదు!"