నాలుగో గొంతు

రొట్టెలు ఇంటి నుంచే కట్టుకోవాలి. గది తీసుకోకూడదు. రాత్రంతా నడిచి, తెల్లారగానే రేవు పక్క సంతలో చేపలు తినాలి. హాంబుర్గ్ వెళ్లిన నలుగురు విద్యార్థుల్లో మిగతా ముగ్గురికీ ఈ పనులు చెప్పింది వీబ్కే. వాళ్లింట్లో మొదట కాలేజీ మెట్లెక్కిన పిల్ల.

నది కింది సొరంగంలో, బడిపిల్లల విహారంలోలా, ఎవరూ తప్పిపోకుండా వరుసగా అంకెలు చెప్పుకుంటూ నడిచారు.

"ఒకటి," అంది వీబ్కే.

"రెండు," అన్నాడు హాయో.

"మూడు. ఇక చాలించవే పంతులమ్మా!" అంది ఫ్రౌకె.

"నాలుగు," అన్నాడు వెనక నుంచి త్యార్క్.

అవతలి గట్టుకు చేరి తిరిగి చూస్తే త్యార్క్ లేడు. దీపాల కింద సొరంగమంతా ఖాళీ. వీబ్కే మళ్లీ లెక్క మొదలెట్టింది. మూడు తర్వాత నిశ్శబ్దం. ఆపైన ఆమె చెవి పక్కనే మెల్లగా, "నాలుగు."

"వాడి వేషాలు కొత్తవా? ఆకలేస్తే వాడే వస్తాడు, పదవే," అంటూ హాయో సంతకు లాక్కుపోయాడు.

త్యార్క్ ఇప్పటికీ రాలేదు. ఆ చేపల రుచి మాత్రం హాయోకీ, ఫ్రౌకెకీ బాగా గుర్తుంది. వీబ్కే అడిగితే, "త్యార్కా? వాడెవడే? మనం వెళ్లింది ముగ్గురమేగా!" అని నవ్వుతారు.

పడవలు బాగుచేసేవాళ్ల ఇంటి కుర్రాడు. పేరు త్యార్క్. మీరైనా గుర్తుంచుకోండి.