పోయొస్త

కెనడాలో, అంటారియో సరిహద్దులోని ఆ మైదానంలో రెండు వందల ఏళ్ల కిందటి యుద్ధాన్ని ఏటా మళ్లీ ఆడి చూపిస్తారు. చచ్చినట్టు పడుకున్న సిపాయిలంతా బ్యూగిల్ మోగగానే లేచి, నవ్వుకుంటూ కార్లెక్కి వెళ్లిపోతారు. ఈసారి ఒకడు లేవలేదు.

కరీంనగర్ నుంచి జనవరి ఇన్‌టేక్‌లో వచ్చిన హారిక, చదువుకుంటూనే ఇక్కడ రాత్రి సెక్యూరిటీ చేస్తోంది. టార్చ్ వేసి చూసింది. చుట్టూ గడ్డి మంచుకు తడిసింది. వాడి ఎర్రకోటు మాత్రం పొడిగా ఉంది.

"సర్, షో అయిపోయింది," అని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పింది. కదల్లేదు.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే, అందరూ ఎప్పుడో వెళ్లిపోయారన్నాడు. భయమైతే షిఫ్టు ఇంకొకరికి ఇస్తానన్నాడు.

"నాకేం భయం?" అని పెట్టేసింది.

గేటు వైపు తిరిగింది. ఇంట్లోంచి కదిలేటప్పుడు "పోత" అనకూడదని చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు కొద్దీ నోరు జారింది.

"పోయొస్త."

వెనక, వాడు పడుకున్న చోటి నుంచి అచ్చం కరీంనగర్ యాసలో జవాబొచ్చింది.

"జల్ది రా, బిడ్డా."

గేటు తెరిచే ఉంది. బయట రోడ్డు మీద దీపం వెలుగుతోంది. హారిక గేటు మూసి, లోపలి నుంచే తాళం వేసింది. టార్చ్ వెనక్కి తిప్పింది.

"వచ్చిన. ఇగ నువ్వు లే."