బొమ్మ చేసిన తప్పు

“నోరు ముయ్యి. నా మొహం చూడు. ఇంకోసారి ఏడ్చావంటే చీకటి గదిలో పడేస్తా.”

నాలుగున్నరేళ్ల పాప గుడ్డబొమ్మ చెవి మెలిపెట్టి ఆ మాటలంటుంటే, గుమ్మంలో నిలబడ్డ టీచరుకు ఒళ్లు భగ్గుమంది.

వచ్చే నెలలో పెద్దబడికి వెళ్లబోయే పిల్లలకు ఆటలతోనే అన్నీ అలవాటు చేసే తరగతి అది. ఒక బల్ల దగ్గర చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఇంకో బల్ల దగ్గర మొద్దు కత్తెరతో రంగు కాగితాలు కత్తిరించడం, కిటికీ కింద చెంబులోంచి గ్లాసులోకి ఒలక్కుండా నీళ్లు పోయడం. మూలన చాప మీద బొమ్మలు. అక్కడ మాత్రం ఎవరికి తోచిన ఆట వాళ్లు ఆడుకోవచ్చు. పిల్లల మనసులో ఉన్నదంతా ఆ చాప మీదే బయటపడుతుందని టీచరు ప్రతి సమావేశంలోనూ తల్లిదండ్రులకు చెబుతుంది.

ఇవాళ బయటపడనే పడింది.

“ఆయమ్మా, ఈ పాప వాళ్ల నాన్నకి ఫోన్ చెయ్యి. ఉన్నపళంగా రమ్మను.”

ఆయమ్మ ఏదో అనబోయింది. టీచరు మొహం చూసి, మాట మింగేసి ఫోనందుకుంది.

అరగంటలో తండ్రి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్. చేతులకు గ్రీజు కూడా పూర్తిగా వదల్లేదు. తల్లిలేని పిల్లను ఒంటిచేత్తో పెంచుకొస్తున్నాడని నలుగురూ మెచ్చుకునే మనిషి. ఆ మెచ్చుకున్న నలుగురిలో తనూ ఉన్నానని గుర్తొచ్చేసరికి టీచరుకు ఇంకా మండింది.

“మీరు పాపని కొడతారా?”

“నేనా? లేదండీ.”

“నేల చూపులొద్దు. నా మొహం చూసి చెప్పండి.”

అతను తలెత్తాడు. “ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు టీచర్‌గారూ. ఏమైందండీ?”

“బొమ్మ చెవి మెలిపెట్టి, చీకటి గదిలో పడేస్తానంటోంది. ఆ మాటలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?”

“మాకున్నదే ఒక్క గది. అందులో చీకటి గదెక్కణ్నుంచి వస్తుందండీ?” అతను గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “ఈమధ్య అదోలా ఉంటున్న మాట నిజమే. నిద్రలో ఉలిక్కిపడుతోంది. పొద్దున లేపితే చాలు, ఏడుపు. ఎందుకో నాకు అర్థం కావట్లేదు.”

“అర్థం కావట్లేదా, కానట్టు నటిస్తున్నారా?”

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇలాంటి అమాయకపు మొహాలు ఆమె ఎన్ని చూడలేదు. అందరూ మొదట ఇలాగే కాదంటారు. గట్టిగా నిలదీస్తే అప్పుడు నిజం కక్కుతారు.

“ఇంత పసిదాన్ని బెదిరించి నోరు మూయించే మనిషి అసలు మనిషేనా? పిల్లల సంక్షేమ అధికారికి ఇవాళే రాస్తున్నాను. పాప మీ దగ్గర ఉండాలో వద్దో వాళ్లే తేలుస్తారు.”

అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది. తర్వాత, వచ్చినప్పటి నుంచి లేని కోపం అతని కళ్లలోకి వచ్చింది.

“రాసుకోండి. కానీ ముందు దాన్ని ఒక్క మాట అడగనివ్వండి.”

“అడగండి. నా ఎదురుగానే అడగండి.”

గదిలో చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. గుండీల బల్ల దగ్గరి పిల్లలూ, కత్తెరల బల్ల దగ్గరి పిల్లలూ ఎవరూ చెప్పకుండానే చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయమ్మ కిటికీ వైపు తిరిగి, తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తోంది.

తండ్రి చాప అంచున గొంతుక్కూర్చున్నాడు. పాప బొమ్మను ఒళ్లోకి లాక్కుని, ముందు అతని వంకా, తర్వాత అతని వెనక నిలబడ్డ టీచరు వంకా చూసింది.

“నేనున్నాగా తల్లీ, భయం లేదు. బొమ్మతో ఏం ఆట ఆడుతున్నావు? నాన్నాటా?”

పాప తల అడ్డంగా ఊపింది.

“మరి?”

“టీచరాట.”